పెద్ద ముక్కలిస్తే పిల్లల్ని తక్కువ చేసినట్టేనా?

ప్లాస్టిక్ ఇటుకలు అతికించి కట్టే లెగోలో, నాలుగేళ్లు నిండినవాళ్ల కోసం చేసిన 4 ప్లస్ సెట్లంటే పెద్దవాళ్లకి ఒకటే వెటకారం. "కారు అడుగంతా ఒకే ముక్కగా ఇచ్చేశాడు, ఇంక కట్టడానికేం మిగిలింది?" అంటారు. ఈ మాట అనేవాళ్లు నాలుగేళ్ల పిల్ల పక్కన కూర్చుని ఒక్క కారైనా కట్టించారా అని నా అనుమానం. అడుగు పలకకి ఇరుసులు బిగించి, చక్రాలు తొడిగేసరికే దాని ఓపిక అయిపోతుంది. మిగతా కారు నాన్న కడతాడు. అదే చక్రాల అడుగు ఒకే ముక్కగా ఉంటే బండి వెంటనే గచ్చు మీద దొర్లుతుంది, పైన ఏం పెట్టాలో పిల్లే ఆలోచించుకుంటుంది. దోసె పిండి బయట కొన్నంత మాత్రాన దోసె మనం పోయలేదంటామా?

నాకు కోపం తెప్పించే సులువు వేరే ఉంది. ఒక ముక్క ఒకే వస్తువుగా పుట్టి, ఇంక దేనికీ పనికిరాకపోతే అది దండగ. 2001లో లెగోనే జాక్ స్టోన్ అని ఒక వరస తెచ్చింది. పెద్ద పెద్ద ముక్కలు, విడదీయడానికి వీల్లేని పెద్ద సైజు మనిషి బొమ్మలు. ఎక్కువ కాలం నిలవలేదు. ఇప్పటి 4 ప్లస్ సెట్లలో లెగో మామూలు చిన్న మనిషి బొమ్మలే ఉంటాయి, పెద్ద ముక్కల మీద మామూలు ఇటుకలే కూర్చుంటాయి. రెండింటినీ ఒకే గాటన కట్టి తిట్టడం అన్యాయం.

ఇంకా చిన్నపిల్లలకైతే లెగోదే డూప్లో అని పెద్ద ఇటుకల వరస ఉంది, 1969 నుంచీ. పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ మామూలు ఇటుకకి రెట్టింపు, అంటే పరిమాణం ఎనిమిది రెట్లు. నోట్లో పెట్టుకుంటే మింగుడుపడదు. పైగా చిన్న ఇటుక దాని మీద సరిగ్గా అతుక్కుంటుంది, కాబట్టి అక్క కట్టే కోటకి తమ్ముడి డూప్లో పునాది అవుతుంది. సులువు చేయడమంటే ఇదీ! పిల్ల ఎదిగినా ముక్క అటకెక్కక్కర్లేదు.

అందుకే ముక్కల లెక్క చూసి సెట్టుకి మార్కులేయకండి. ఒకసారి కట్టించి, ఊడదీసి, ఎలా కట్టాలో చూపించే పుస్తకం దాచేసి చూడండి. మా మేనకోడలు ఫైరింజన్ అడుగు ముక్కని నిలబెట్టి, "ఇది పోర్టు క్రేన్, అత్తా" అంది. హార్బర్ వైపు వెళ్లినప్పుడల్లా ఆ కంటైనర్ క్రేన్లనే చూస్తుంది మరి. ఆ ముక్క పాసైనట్టే. కిటికీ, గోడ, దాని మీద గుర్తు అన్నీ కలిపి అచ్చుపోసిన పోలీస్ స్టేషన్ గోడ ఒకటుంది మా ఇంట్లో, వేరే సెట్టుది. ఎటు తిప్పినా అది పోలీస్ స్టేషనే.

కొన్నిళ్లలో ఊడదీయనే ఊడదీయరు. కట్టింది తీసుకెళ్లి షోకేసులో పెట్టి, సంక్రాంతికి బొమ్మల కొలువులో కూడా చోటిచ్చి, "ముట్టుకోకమ్మా" అంటారు. ఇంకొందరు "మావాడు ఫాస్టండీ" అని ఎనిమిదేళ్ల పిల్లల సెట్టు నాలుగేళ్లవాడికి కొని, రాత్రంతా తామే కడతారు. సరదాగా ఉంటే కొనుక్కోండి, వాడి పేరెందుకు చెప్పడం?

చవక సెట్ల సంగతి కూడా చెప్పాలి. వైజాగ్‌లో జగదాంబ వైపు ఒక షాపులో "చిన్నపిల్లే కదా, ఇది చాలు" అని ఒకటి అంటగట్టారు. ఒక ఇటుక అతుక్కోదు, ఇంకోటి అతుక్కుంటే ఊడదు, పళ్లతో లాగాలి. వేళ్లలో బలం లేనివాళ్లకే కదా బిగింపు ఇంకా బాగుండాల్సింది! బొమ్మలకి ఐఎస్ఐ మార్కు 2021 నుంచి తప్పనిసరి, కాబట్టి పెట్టె మీద అది ముందు చూడండి. అది భద్రతకే, బిగింపుకి కాదు. అందుకే ఒక సెట్టు విప్పి, రెండు ముక్కలు అతికించి చూపించమని అడగండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనీయండి.