ఆరింటికే చీకటి, ఆరున్నరకే గేటు

డిసెంబరులో విజయవాడలో సూర్యుడు ఐదూ నలభై ప్రాంతంలో దిగిపోతాడు. క్లాసులు, ల్యాబులు ముగించుకుని యూనివర్సిటీ, కాలేజీ పిల్లలు బయటపడేసరికి నాలుగున్నర, ఒక్కోరోజు ఐదు. గదికెళ్లి బ్యాగు పడేసి, మొహం కడుక్కుని, బూట్లు వేసుకుని గ్రౌండుకు చేరేసరికి ఐదుంబావు. మిగిలింది అరగంట. మే నెలలో వెలుతురుకు కొదవ లేదు, ఆరున్నర దాటినా ఉంటుంది, కానీ బెజవాడ ఎండలో నాలుగున్నరకు మైదానంలోకి దిగమని ఎవరం చెప్పగలం? లైట్లు లేని గ్రౌండు మన ప్రాంతంలో ఏడాదిలో చాలా నెలలు ఉన్నా లేనట్టే. ఎన్ని ఎకరాలుందో బ్రోషర్‌లో గొప్పగా వేస్తారు, సాయంత్రం ఏడింటికి అక్కడ ఏం కనిపిస్తుందో మాత్రం ఎవరూ రాయరు.

గుంటూరు, విజయవాడల మధ్య ఈమధ్య ఓ క్యాంపస్‌లో మేం ఒక సాయంత్రం గడిపాం. పేరు చెప్పం, ఎందుకంటే ఇది ఆ ఒక్క చోటి సంగతి కాదు. బాస్కెట్‌బాల్ కోర్టులో రింగుకు నెట్ లేదు, అయినా కుర్రాళ్లు ఆడుతున్నారు. పక్కన నాలుగు క్రికెట్ ఆటలు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తున్నాయి, ఒకరి ఫీల్డర్ ఇంకొకరి పిచ్ మీద నిలబడి ఉన్నాడు. అమ్మాయిలు మాత్రం గ్రౌండులో ఒక్కరు కూడా లేరు. హాస్టల్‌కీ క్యాంటీన్‌కీ మధ్య రోడ్డు మీద ఇద్దరిద్దరుగా, ముగ్గురుగా నడుస్తున్నారు. ఆరూ ఇరవై అయ్యేసరికి ఆ నడకలో తొందర మొదలైంది, ఆరున్నరకు గేటు వేస్తారు కాబట్టి. అబ్బాయిల హాస్టల్ గేటు రాత్రి దాకా తెరిచే ఉంది. ఫీజు ఇద్దరికీ ఒకటే, అందులో స్పోర్ట్స్ ఫీజు కూడా ఒకటే.

వార్డెన్లను అడిగితే భద్రత అంటారు. తల్లిదండ్రులు ఫోన్ చేసి మా అమ్మాయిని చీకటిపడ్డాక బయటికి పంపొద్దని చెబుతారని అంటారు, అది నిజమే, ఆ భయాన్ని మేం తీసిపారేయడం లేదు. కానీ క్యాంపస్ లోపలే, కాంపౌండ్ గోడ మధ్యలోనే, లైట్లు వేసి, ఒక మహిళా పీడీనో (ఫిజికల్ డైరెక్టర్) కోచ్‌నో పెట్టి, ఇద్దరు గార్డులను ఉంచితే ఆ గ్రౌండు భయపడాల్సిన చోటు ఎలా అవుతుంది? భయం చీకటి వల్ల. చీకటి పోగొట్టే పని వదిలేసి అమ్మాయిలను లోపల పెట్టి తాళం వేయడం సులువు కాబట్టి అదే చేస్తున్నాం.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి, ఇది మన రెండు ఊళ్లవాళ్లకు బాగా తెలిసిందే. యూనివర్సిటీకి వచ్చే పిల్లల్లో చాలామంది ఇంటర్ రెండేళ్లూ గ్రౌండు మొహం చూడకుండా వచ్చినవాళ్లు. నాలుగంతస్తుల బిల్డింగులో కాలేజీ, పైఅంతస్తులో హాస్టల్, తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు, ఆదివారం పరీక్ష. కొంతమందికి అది ఎనిమిదో తరగతి నుంచే మొదలవుతోంది. పదహారు, పదిహేడేళ్ల వయసులో, ఒళ్లు పరుగు కోరుకునే సమయంలో, వాళ్లను కుర్చీకి కట్టేశాం. అలా వచ్చిన కుర్రాడికి పద్దెనిమిదేళ్లకు యూనివర్సిటీలో మొదటిసారి ఖాళీ సాయంత్రం దొరుకుతుంది, దాంతో ఏం చేయాలో వాడికి తెలియదు. షటిల్ రాకెట్ పట్టుకోవడానికి కూడా సిగ్గు, ఇప్పుడేం నేర్చుకుంటాంలే అన్న బిడియం. ఫోన్ చేతిలో ఉంది, మంచం ఉంది. ఇలాంటి పిల్లవాడిని పిలిచి, నీకేమీ రాకపోయినా ఫర్వాలేదు రా అని చెప్పి, బంతి చేతిలో పెట్టే మనిషి క్యాంపస్‌లో ఎవరు?

ఆ మనిషి పీడీ. కానీ పీడీగారు ఎక్కడున్నారో చూడండి. పొద్దున గేటు దగ్గర ఐడీ కార్డులు చూస్తుంటారు, మధ్యాహ్నం క్రమశిక్షణ కమిటీలో ఉంటారు, వీఐపీలు వస్తే బందోబస్తు ఆయనదే, ఫెస్ట్ జరిగితే కుర్చీలు వేయించేది కూడా ఆయనే. మిగిలిన టైములో యూనివర్సిటీ టీమ్ సెలక్షన్లు, సౌత్ జోన్ టోర్నమెంటుకు రైలు టికెట్లు, టీఏ డీఏ బిల్లులు. వేల మంది పిల్లలున్న చోట ఒక్కరో ఇద్దరో పీడీలుంటే వాళ్లు టీముల్లోని వందమందిని చూడగలరు, అంతే. మిగతావాళ్లకు ఆయన విజిల్ వేసి తరిమే మనిషిగానే తెలుసు.

మేం ఆటల ఘనత తగ్గించి మాట్లాడటం లేదు. ఈ నేల నుంచి వచ్చినవాళ్లను చూసి గర్వపడేవాళ్లలో మేం ముందుంటాం. కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ చాంపియన్ అయింది. గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక ఉన్న జట్టు 2024లో బుడాపెస్ట్‌లో చెస్ ఒలింపియాడ్ స్వర్ణం తెచ్చింది. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ ఆర్చరీలో మూడు బంగారు పతకాలు కొట్టింది. వాళ్లు గెలిచిన రోజు మొదటి పేజీలో వేశాం, ఎప్పుడూ వేస్తాం. కానీ ఆ పతకాల వెనక ముందుగా ఉన్నది ఏళ్ల తరబడి కష్టపడ్డ అమ్మానాన్నలు, కోచ్‌లు. ఇలాంటి విజయాల ఫ్లెక్సీ కట్టుకుని మా దగ్గర క్రీడలు బాగున్నాయని ఏ సంస్థయినా చెప్పుకుంటే, ఆ ఫ్లెక్సీ కింద నుంచి రోజూ నడిచివెళ్లే మామూలు విద్యార్థి గురించి అడగాల్సింది మనమే. వాడికి పతకం రాదు, రావాల్సిన పని కూడా లేదు. వాడికి కావాల్సింది చెమట పట్టే ఒక గంట.

ఆ గంట విలువ ఎంతో డబ్ల్యూహెచ్‌ఓ లెక్క కట్టి చెప్పింది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలి, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి ఆ మాత్రం కదలిక కూడా లేదని అదే సంస్థ తేల్చింది, మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు, ఆరున్నర గేటు దగ్గర నిలబడితే చాలు. దీనికి రక్తహీనత తోడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువగా ఉంది. అందుకే గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తమంటే కళ్లు తిరిగి కూర్చునే అమ్మాయిని చూసి బద్ధకం అనకండి. హిమోగ్లోబిన్ ఎంతో చూడండి. అడ్మిషన్ అప్పుడు పదోతరగతి మెమో, టీసీ, కులధ్రువీకరణ పత్రం అన్నీ అడుగుతారు, ఒక్క రక్తపరీక్ష చేయిస్తే ఏం పోతుంది? రిపోర్టు చూసి ఐరన్ మాత్రలివ్వడం, మెస్‌లో ఆకుకూర, గుడ్డు, వేరుశనగ చిక్కీ పెట్టడం పెద్ద ప్రాజెక్టులేం కావు.

టెన్షన్ గురించి మాట్లాడకుండా ఈ విషయం వదిలేయలేం. సప్లీలు, బ్యాక్‌లాగ్స్, ప్లేస్‌మెంట్ సీజన్, ఇంట్లో చేసిన అప్పు, ప్రేమలు, ఒంటరితనం, ఇవన్నీ నాలుగు గోడల మధ్య మోస్తున్న పిల్లలు ఎంతమందో వాళ్ల రూమ్‌మేట్లకే తెలియదు. విశాఖలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఓ అమ్మాయి మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న 15 మార్గదర్శకాలిచ్చింది. అందులో ఒకటి, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరు ఉండాలని. మన రాష్ట్రంలో జరిగిన దుర్ఘటన మీదే ఆ తీర్పు వచ్చింది కాబట్టి అమలు కూడా ఇక్కడే ముందుగా జరగాలి. బోర్డు పెట్టి, ఖాళీగా ఉన్న లెక్చరర్‌కు అదనపు బాధ్యత అప్పగిస్తే అమలు అయినట్టు కాదు. ఆ గది ప్రిన్సిపాల్ చాంబర్ పక్కన ఉంటే ఏ పిల్లా వెళ్లదు, అందరూ చూస్తారని. గ్రౌండు పక్కనో, లైబ్రరీ వెనకో పెట్టండి, ఎటో వెళ్తున్నట్టు వెళ్లి తలుపు తట్టేలా. ఆటలు డాక్టరుకు బదులు కావు, లోతుగా కుంగిపోయినవాళ్లకు పరుగెత్తు తగ్గిపోతుందని చెప్పడం తప్పు, ప్రమాదం కూడా. అలాంటివాళ్లకు, వాళ్ల స్నేహితులకు 14416 నంబరు తెలియాలి, టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, ఉచితం, ఏ వేళైనా పలుకుతుంది. కానీ రోజూ సాయంత్రం పదిమందితో కలిసి వాలీబాల్ ఆడే పిల్లవాడు నాలుగు రోజులు కనపడకపోతే ఆ పదిమందిలో ఒకడైనా గదికెళ్లి చూస్తాడు. ఏ యాప్‌కూ ఆ పని చేతకాదు.

ఈత సంగతి కూడా. విజయవాడ మూడు కాలవల ఊరు, బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, పైన నిండుగా కృష్ణ. ఇంత నీటి మధ్య ఉండి మన డిగ్రీ పిల్లల్లో ఈత వచ్చినవాళ్లు తక్కువ. ఏటా వేసవిలో, కార్తీకంలో నదిలో దిగి మునిగిపోయిన విద్యార్థుల వార్తలు మేం రాస్తూనే ఉన్నాం. రాసేటప్పుడు చెయ్యి ఆగిపోతుంది. సొంత పూల్ కట్టలేని సంస్థ మున్సిపల్ పూల్‌తో మాట్లాడుకుని బ్యాచులు పంపొచ్చు, మొదటి సంవత్సరంలోనే, చేతులు కాళ్లు ఆడించి నీటిపైన తేలడం వరకైనా.

డబ్బు లేదంటారు. ఆటల పేరుతో విద్యార్థి దగ్గర వసూలు చేసినదెంత, బంతులకెంత పోయింది, లైట్లకెంత, టోర్నమెంట్లకెంత అని ఏడాదికోసారి నోటీసు బోర్డులో అంటించమనండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా అదే పిల్లలు తలా ఇంత వేసుకుని ఊరి చివర ప్రైవేటు టర్ఫ్ గంటల లెక్కన అద్దెకు తీసుకుని రాత్రిళ్లు ఆడుకుంటున్నారు. డబ్బున్నవాళ్లు ఆడతారు, స్కాలర్‌షిప్ మీద చదివేవాడు గదిలో ఉంటాడు. మరోవైపు ఉన్న మైదానాలను ఎగ్జిబిషన్లకు, సభలకు, కార్ల పార్కింగుకు ఇచ్చేస్తారు. టెంట్లు పీకేశాక గుంటలు, మేకులు, గాజుపెంకులు మిగులుతాయి, కబడ్డీ ఆడే పిల్లలు చెప్పుల్లేకుండా ఆడతారన్న ధ్యాస ఎవరికీ ఉండదు.

మనుషులు లేరన్న మాటకు జవాబు మన హైవే పక్కనే ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా 1967లో గుంటూరులో మొదలై, 1976లో సొంతంగా నిలబడ్డ నాగార్జున విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య కాలేజీ ఉంది. అక్కడ శిక్షణ పొందే యువతీయువకులకు ఎలాగూ టీచింగ్ ప్రాక్టీసు తప్పదు. చుట్టుపక్కల డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీల్లో సాయంత్రం రెండు గంటలు వాళ్లకు అప్పగించండి. ఆట రానివాళ్ల బ్యాచులు వాళ్లు చూస్తారు, టీములు పీడీ చూస్తారు. అమ్మాయిల బ్యాచులకు అమ్మాయిలే కోచ్‌లుగా ఉంటే తల్లిదండ్రుల భయం సగం తగ్గుతుంది. యూజీసీ కూడా 2023లో విద్యార్థుల ఫిట్‌నెస్, క్రీడలు, మానసిక ఆరోగ్యం మీద మార్గదర్శకాలు పంపింది కాబట్టి పైనుంచి ఆదేశం లేదనే సాకు ఎవరికీ లేదు.

టీముల్లో ఆడేవాళ్లకు జరిగే అన్యాయం ఒకటుంది, దాన్ని తీర్చడానికి ఒక్క సర్క్యులర్ చాలు. యూనివర్సిటీ జెర్సీ వేసుకుని వేరే రాష్ట్రం వెళ్లి ఆడొచ్చిన అమ్మాయికి తిరిగొచ్చేసరికి అటెండెన్స్ షార్టేజి, ఇంటర్నల్స్ మిస్. ఆ రోజులను హాజరుగా వేసి, పరీక్ష మళ్లీ పెట్టాలి. వచ్చి బతిమాలుకునే పరిస్థితి ఆ అమ్మాయికి ఉండకూడదు.

ఇక పరిగెత్తలేని, పరిగెత్తడం ఇష్టంలేని పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు క్యారమ్స్ బోర్డు, చెస్ బోర్డు, హార్మోనియం, నాటకం వేసుకోవడానికి ఓ గది, చక్రాల కుర్చీ వెళ్లగలిగే నడకదారి ఉండాలి. రాత్రి తొమ్మిది దాకా ఆ గదికి తాళం వేయకూడదు.

జూన్, జూలైల్లో కొత్త బ్యాచులు వస్తాయి. అప్పటికి గ్రౌండులో లైట్లు వెలగాలి, అమ్మాయిల గేటు అబ్బాయిల గేటుతో సమానంగా ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉండాలి. గుంటూరు, ఎన్టీఆర్, కృష్ణా జిల్లాల విద్యార్థులూ, మీ క్యాంపస్‌లో లైట్లు ఎన్నింటిదాకా వెలుగుతున్నాయో, గేటు ఎన్నింటికి వేస్తున్నారో మాకు రాయండి. మీ పేరు బయటపెట్టం. టైములు మాత్రం అచ్చు వేస్తాం, యాజమాన్యాలు ఏం చెబితే అదీ పక్కనే వేస్తాం.