సవరణ: జికా వైరస్, గర్భిణులకు ఉన్న ముప్పు

గర్భిణికి జికా సోకితే బిడ్డ చిన్న తలతో పుట్టడం ఖాయమన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి జికా వైరస్‌పై ఇంతకుముందు ప్రచురించిన వ్యాసంలో ఉంది. దాన్ని ఇలా సవరించి చదువుకోవాలి: ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, గర్భంతో ఉండగా జికా సోకిన తల్లులకు పుట్టే పిల్లల్లో 5 నుంచి 15 శాతం మందిలో మైక్రోసెఫలీ (తల ఉండాల్సిన దానికన్నా చాలా చిన్నగా ఉండటం) వంటి లోపాలు కనిపిస్తాయి. ఇది తీసిపారేయదగిన సంఖ్య కాదు. అయినా పరీక్షలో పాజిటివ్ రాగానే బిడ్డపై ఆశ వదులుకోవడం, కాబోయే తల్లిని ఇంటిల్లిపాదీ భయపెట్టడం ఎంతమాత్రం తగదు. తొలి మూడు నెలల్లో సోకితే ముప్పు ఎక్కువ, కానీ ఆ తర్వాత అసలు లేదని కాదు. అందుకే బిడ్డ తల ఎదుగుదలను, మెదడు నిర్మాణాన్ని గమనించే అల్ట్రాసౌండ్ పరీక్షలను వైద్యులు ప్రసవం దాకా కొనసాగిస్తారు.

జికా సోకడానికి దోమ కాటు ఒక్కటే మార్గమని ఆ వ్యాసంలో అన్న మాటకూ సవరణ అవసరం. జికా లైంగిక సంపర్కం వల్ల కూడా సోకుతుంది. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు కాబట్టి, వ్యాధి ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన భర్త ఆరోగ్యంగా కనిపించినా, భార్య గర్భంతో ఉన్నన్నాళ్లూ కండోమ్ వాడాలి, లేదా దూరంగా ఉండాలి.

రాత్రి దోమతెర కడితే చాలని ఆ వ్యాసంలో ఇచ్చిన సలహా కూడా అసంపూర్ణం. ఈ వైరస్‌ను మోసే ఈడిస్ దోమ ముఖ్యంగా పగటిపూట కుడుతుంది. దాని గుడ్లు పాత్రల లోపలి గోడలకు, నీటి అంచున అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి. అందువల్ల నీళ్లు పారబోస్తే సరిపోదు, తొట్టి గోడలను గట్టిగా రుద్ది కడగాలి.