డిస్పోజర్‌లో గాజు పడితే స్విచ్ వేయకండి

హనుమకొండ, కాజీపేట అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. సింకు కింద బిగించే, మిగిలిన తిండిని చితక్కొట్టి నీళ్లతో పంపే వేస్ట్ డిస్పోజర్‌లో గాజు గ్లాసు పగిలితే ఐసు ముక్కలు, గుప్పెడు దొడ్డుప్పు వేసి, నల్లా తిప్పి రెండు నిమిషాలు నడిపించాలట. బ్లేడ్లు గాజును పొడి చేసేస్తాయట, వాటికి పదును కూడా వస్తుందట. ఏమైనా మిగిలితే స్విచ్ ఆపి చేత్తో తీసేయొచ్చట, చెత్త బెడదే ఉండదట. మిక్సీలు, చిమ్నీలు, డిస్పోజర్లు రిపేర్ చేయడమే నా పని. దయచేసి ఇందులో ఒక్క మాట కూడా నమ్మకండి.

ముందు బ్లేడ్ల సంగతి. మిక్సీ జార్‌లో ఉన్నట్టు డిస్పోజర్‌లో కత్తులు ఉండవు. అడుగున ఒక గుండ్రటి పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే మొండి లోహపు ముక్కలు ఉంటాయి. పళ్లెం నిమిషానికి వెయ్యిసార్లకు పైగా తిరుగుతుంది. ఆ వేగానికి అన్నం, కూరగాయల తొక్కలు గోడకేసి కొట్టుకుంటాయి. గోడ చుట్టూ తురుముపీటలాంటి రింగు ఉంటుంది. దానికి రాసుకుని చితికి, సన్నటి సందుల్లోంచి నీళ్లతోపాటు జారిపోతాయి. అమెరికాలో 1927లో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్ట్ దీన్ని తయారుచేసింది వంటింట్లో మిగిలే తిండి కోసం. గాజు అలా చితకదు, పెంకులు పెంకులుగా విరుగుతుంది. పళ్లేనికీ రింగుకీ మధ్య ఒక పెంకు ఇరుక్కుందంటే మోటార్ గుయ్యిమని మూలిగి ఆగిపోతుంది. ఇరుక్కోకపోతే ఇంకా భయం. అది పైకి ఎగిరిందంటే, సింకు మీదికి వంగి చూస్తున్న మనిషి కళ్లు అక్కడే ఉంటాయి.

బ్లేడే లేనప్పుడు ఐసూ ఉప్పూ దేనికి పదును పెడతాయి? గోడలకు అంటిన జిడ్డు కాస్త రాలుతుంది, అంతే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది 'స్విచ్ ఆపి చేత్తో తీయండి' అన్న మాట. పోయిన ఎండాకాలం నక్కలగుట్టలో మా అక్క వాళ్లింట్లో చాయ్ గ్లాసు జారి అందులోనే పడి పగిలింది. నేను పోయేసరికి అక్క చెయ్యి లోపల పెట్టబోతోంది. "స్విచ్ బంద్ చేసిన కదా తమ్మీ" అంది. అదే బోర్డు మీద పక్కనే మిక్సీ స్విచ్ ఉంది! ఎవరైనా వచ్చి చూసుకోకుండా ఒకటి నొక్కితే? అందుకే ప్లగ్గు పీకేయాలి. ప్లగ్గు లేకుండా వైరింగ్ నేరుగా ఉంటే ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ లైన్‌ను ఆపే స్విచ్) దించి, ఇంట్లో అందరికీ చెప్పాలి. మోటార్ తనంతట తాను ఆగిపోయిందని కూడా ధైర్యం చేయొద్దు. స్విచ్ వేసే ఉంటే, అడుగున ఉన్న రీసెట్ బటన్ నొక్కగానే తిరగడం మొదలవుతుంది. కరెంటు లేకపోయినా గాజు గాజే. గిన్నెలు తోమే రబ్బరు గ్లోవ్స్ దాన్ని ఆపలేవు.

ఆ రోజు ప్లగ్గు తీసి, టార్చ్ వేసి చూశాం. పెద్ద ముక్కలు పొడుగాటి పట్టకారుకు వచ్చేశాయి. గోరంత పెంకు ఒకటి పళ్లెం అంచున నిలువునా దిగబడి ఉంది, నోస్ ప్లయర్‌తో లాగినా కదల్లేదు. చాలా మోడళ్లకు కింద నడిమధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. అందులో అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) పెట్టి వెనక్కి కొద్దిగా తిప్పితే కిర్రుమని వదిలింది. ఇక రవ్వలు. అక్క గట్టిగా కలిపిన చపాతీ పిండిని చెక్క గరిటె కొసకు ముద్దగా పెట్టి, లోపల అద్ది పైకి తీసింది. టార్చ్ వెలుగులో ఆ ముద్ద మీద చక్కెర చల్లినట్టు మెరిసింది. నాలుగుసార్లు కొత్త పిండి మార్చాక గానీ మెరుపు పోలేదు. మామూలు వాక్యూమ్ క్లీనర్ మాత్రం వాడకండి, తడిని పీల్చే రకమైతేనే పనికొస్తుంది.

నల్లా తిప్పితే కొట్టుకుపోతుందన్నదీ తప్పే. గాజు నీళ్ల కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైపులోకి దిగి బాటిల్ ట్రాప్‌లో, అంటే సింకు కింద పైపుకు ఉండే నీళ్లు నిలిచే డబ్బాలో, కూర్చుంటుంది. ఆర్నెల్ల తర్వాత సింకు జామైందని పిలిస్తే వచ్చిన ప్లంబర్ దాని మూత విప్పి అందులో వేలు పెడతాడు. కాబట్టి గాజంతా తీసేదాకా నీళ్లు వదలొద్దు. కింద బకెట్ పెట్టి ట్రాప్ కూడా విప్పి చూసుకోండి. అలెన్ కీ చప్పుడు లేకుండా చుట్టూ తిరిగితేనే ప్లగ్గు పెట్టి, మూతి మీద రబ్బరు మూత ఉంచి, కాస్త దూరం జరిగి, చన్నీళ్లు వదిలి నడపాలి.

చెత్త బెడద ఉండదన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. ఉంటుంది. అక్క ఆ ముక్కల్నీ పిండి ముద్దల్నీ పేపర్‌లో నాలుగు మడతలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి టేపు వేసి, పైన 'గాజు' అని రాసింది. పొద్దున మున్సిపాలిటీ ఆటో వచ్చినప్పుడు చెత్తబుట్టలో కలపకుండా, "ఇందులో గాజు పెంకులున్నయ్ అమ్మా, చెయ్యి పెట్టకు" అని చెప్పి చెత్త తీసుకునే ఆమె చేతికే ఇచ్చింది.