కార్బన్ క్యూ వచ్చె, సాకు పాయె

తిరుపతిలో ఒక సంక్షోభం నడుస్తోంది. శాసనసభలో ఎవరూ లేవనెత్తలేదు, టీవీల్లో చర్చ పెట్టలేదు, వాట్సాప్‌లో కూడా సరిగా తిరగలేదు. అందుకే బాధ్యత గల పౌరుడిగా నేను రాయాల్సి వస్తోంది. మన పూల్ పార్లర్లలోకి కార్బన్ ఫైబర్ షాఫ్టులు వచ్చాయి.

ఈ పాపం అంటని పుణ్యాత్ముల కోసం రెండు ముక్కలు. పూల్ అంటే టేబుల్ మీద బంతులను కర్రతో కొట్టి అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట. ఆ కర్రే క్యూ. అది రెండు భాగాలుగా ఉంటుంది. చేత్తో పట్టుకునే వెనక సగం బట్, బంతిని కొట్టే ముందు సగం షాఫ్ట్. ఈ షాఫ్టును ఇన్నేళ్లూ గట్టి మేపుల్ చెక్కతో చేసేవాళ్లు. ఇప్పుడు దాని బదులు నల్లగా, నున్నగా, లోపల బోలుగా ఉండే గొట్టం ఒకటి వచ్చింది. అమెరికాలో మంచి రకానికి అటూ ఇటుగా 500 డాలర్లు. కస్టమ్స్ వాళ్ల ఆశీర్వాదం కూడా కలిసి మన చేతికొచ్చేసరికి సెకండ్ హ్యాండ్ స్కూటరంత అవుతుంది. స్కూటరైతే కనీసం అలిపిరి దాకా తీసుకుపోతుంది.

ఈ గొట్టాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. ధర గురించి కాదు. డబ్బు వాళ్లది, వాళ్ల నాన్నలది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. అది వంగదు.

చెక్క వంగుతుంది. గాలిలో తేమ ఉంటే పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండ ముదిరితే ఆరిపోయి పక్కకు తిరుగుతుంది. ఇక మన తిరుపతి వాతావరణం సంగతి చెప్పాలా? మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది, నవంబరులో ఈశాన్య రుతుపవనాలు కొండ మీదా కిందా కలిపి కుమ్మేస్తాయి. అంటే ఏడాది పొడవునా ఏదో ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. ఎండాకాలం ఓడితే కర్ర ఎండింది, వానాకాలం ఓడితే కర్ర నానింది. అసలు పూల్‌కు చుట్టమైన స్నూకర్ ఆట పుట్టిందే 1875లో జబల్పూర్ సైనిక మెస్‌లో, వానలకు బయటికి పోలేక కూర్చున్న బ్రిటిష్ అధికారుల మధ్య. ఆ మొదటి ఆటలో ఓడినవాడు తేమ మీద నెపం వేసి ఉంటాడని నా గట్టి అనుమానం.

పార్లర్‌లో ఈ తంతు ఎంత పద్ధతిగా జరిగేదో చూడండి. షాట్ పోతుంది. ఆటగాడు బంతి వైపు చూడడు, పాకెట్ వైపు అసలు చూడడు. క్యూను కంటి దగ్గరికి ఎత్తి, ఒక కన్ను మూసి, ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తాడు. తర్వాత టేబుల్ మీద పెట్టి దొర్లిస్తాడు. కర్ర ఎగిరెగిరి దొర్లుతుంది, కింద సందులో వెలుగు కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు తలలాడిస్తారు. "కర్ర వంకర పోయిందబ్బా, నువ్వేం చేస్తావు" అని ఒకడు అంటాడు. రేపు తను ఓడినప్పుడు ఈ మాట తనకు తిరిగి రావాలి గదా. వడ్డీ లేని చేబదులు ఇది. ఊళ్లో ఇన్ని స్నేహాలు నిలబడింది ఈ చేబదుళ్ల మీదే.

ఆడలేక మద్దెల ఓడన్నారని పెద్దలు వెక్కిరించారు. కానీ వాళ్లలో ఒక్కరైనా ఆ మద్దెలను తట్టి చూశారా? మా పార్లర్‌లో మద్దెల నిజంగానే ఓడు. కొనకు అతికించే తోలు టిప్పు ఊడిపోయిన క్యూలు, గీకి గీకి సన్నబడిన షాఫ్టులు, టిప్పుకు రాసే చాక్ నీలం ఒంటబట్టి ఇక పోని కర్రలు. పార్లర్ వాళ్లే ఇచ్చే ఒక్కో హౌస్ క్యూ ఎంతమంది పరువు కాపాడిందో లెక్క తీస్తే దానికి సన్మానం చెయ్యాలి.

కార్బన్ వచ్చాక ఏమైందో చెబుతాను. మా వాడొకడు కొన్నాడు. దాన్ని అల్లాటప్పాగా పెట్టడు. మెత్తటి సంచిలోంచి తీసి, జాయింట్ తిప్పి, స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడుస్తాడు. మొదటి టోర్నీ గెలిస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాడు కూడా. జుట్టు ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. మొన్న పాకెట్ మూతి దగ్గరున్న ఎనిమిదో నంబరు బంతిని, అదే పడితే ఆట గెలిచే ఆఖరి బంతిని, తప్పాడు. అలవాటు కొద్దీ క్యూను కంటి దగ్గరికి ఎత్తాడు. గీత గీసినట్టుంది. దొర్లించాడు. చప్పుడు లేకుండా, ఎగరకుండా, మర్యాదగా దొర్లి ఆగింది. అప్పుడు పార్లర్ మొత్తం ఆ క్యూను వదిలేసి వాడి మొహం చూసింది. ఇది మానవ హక్కుల సమస్య అని నేనంటున్నది ఇందుకే.

కార్బన్ వర్గం దగ్గర సైన్సు ఉంది, కాదనను. తెల్ల బంతిని మధ్యలో కాకుండా కుడి పక్కన కొడితే అది గురి పెట్టిన దారిలో పోదు, కాస్త ఎడమకు జరిగి పోతుంది. దీన్ని డిఫ్లెక్షన్ అంటారు. టిప్పు బంతికి తగిలి ఉండేది సుమారు సెకనులో వెయ్యో వంతు. ఆ కాస్తలోనే తిరగబోతున్న బంతి షాఫ్ట్ కొనను పక్కకు నెడుతుంది. కొన బరువుగా ఉంటే ఆ బరువు బంతిని ఎదురు తోస్తుంది. కొన తేలికైతే తోపు తక్కువ, బంతి చెప్పిన మాట వింటుంది. కార్బన్ గొట్టం కొన తేలిక. అంతా బాగుంది. కానీ ఈ తెలివి కార్బన్‌తో పుట్టలేదు. ప్రిడేటర్ కంపెనీ 1990ల్లోనే చెక్క ముక్కలు అతికించి, కొన దగ్గర బోలు చేసి 314 అనే షాఫ్ట్ తెచ్చింది. రెవో అనే కార్బన్ షాఫ్ట్ తెచ్చింది ఆ తర్వాత అదే కంపెనీ. చెక్కను తొలిచి చేసిన పనినే మళ్లీ గొట్టంతో చేశారు. కొత్తగా తీసేసింది ఒక్క వంకరనే, అంటే ఒక్క సాకునే.

ఈ మిల్లీమీటర్ల యుద్ధమంతా ఏ టేబుల్ మీద జరుగుతోందో కూడా చూడాలి. పూల్ టేబుల్ గుడ్డ కింద పలకరాయి ఉంటుంది, సాధారణంగా మూడు ముక్కలు. వాటిని మట్టం చూసే స్పిరిట్ లెవెల్ పెట్టి సరిచేసి, అతుకులు పూడ్చి, ఆ పైన గుడ్డ బిగించాలి. మా పార్లర్‌లో ఈ పని తిరుపతి క్షవరంలా సగంలో ఆగింది. మెల్లగా కొట్టిన ఏ బంతైనా ఎడమ మూల పాకెట్ వైపు భక్తితో వాలుతుంది. కుడి వైపు తప్పుదారి పట్టిన బంతిని కూడా అది క్షమించి ఎడమకే తెచ్చుకుంటుంది. స్కూటర్ ఖరీదు పెట్టి రెండు మిల్లీమీటర్ల డిఫ్లెక్షన్ తగ్గించుకున్న మనిషి ఆ టేబుల్ మీద ఆడుతున్నాడు.

చెక్క వర్గం వాళ్లను మాత్రం నేను వెనకేసుకొస్తాననుకోకండి. వాళ్లకు సెంటిమెంటు జబ్బు. "చెక్కలో జీవం ఉంది, దెబ్బ చేతికి తెలుస్తుంది, కార్బన్ టంగుమంటుంది" అంటారు. చప్పుడు తేడా నిజమే. అది తగ్గించడానికి కొన్ని గొట్టాల్లో ఫోమ్ నింపుతారు. సంప్రదాయం మీద అంత ప్రేమ ఉంటే బంతులు కూడా పాతవే తెప్పించుకోవాలి. ఒకప్పుడు అవి ఏనుగు దంతంతో చేసేవాళ్లు. దంతం దొరకడం కష్టమై, 1863లో అమెరికాలో ఒక బంతుల కంపెనీ బదులు పదార్థం కనిపెట్టినవాళ్లకు 10,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. ఆ వేటలోనే జాన్ వెస్లీ హయాట్ సెల్యులాయిడ్ బంతుల దాకా పోయాడు. ఇప్పుడు ఆడేవి ఫినోలిక్ రెజిన్ అనే ప్లాస్టిక్ బంతులు. ప్లాస్టిక్ బంతిని కొడుతూ చెక్క ఆత్మ గురించి మాట్లాడేవాళ్లు ఒకసారి పలమనేరు వైపు కౌండిన్య అభయారణ్యానికి పోయి అక్కడి ఏనుగులతో ఈ విషయం చర్చించాలని మనవి.

మూడో వర్గం ఒకటుంది. దేశభక్త వర్గం. వీళ్ల వాదన సూటిగా ఉంటుంది: శేషాచలం మనది, ఎర్రచందనం మనది, అమెరికా మేపుల్ ఎందుకు, ఎవడిదో కార్బన్ ఎందుకు? ఎర్రచందనం షాఫ్ట్ చేయిద్దాం, ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య చెక్కేవాళ్లు ఉండనే ఉన్నారు. వినడానికి ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఎర్రచందనం చేవ నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. అంత బరువు కొనలో పెడితే తెల్ల బంతి మనం చూపించిన దారి వదిలేసి తన దారి తాను చూసుకుంటుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం సైటిస్, దాని రెండో జాబితాలో 1995 నుంచి ఈ చెట్టు ఉంది, దాని కోసం ఊళ్లో టాస్క్‌ఫోర్సే పనిచేస్తోంది. రెండున్నర అడుగుల ఎర్రచందనం కర్ర సంచిలో పెట్టుకుని రేణిగుంట విమానాశ్రయంలో "టోర్నీకి పోతున్నా సామీ" అని చెప్పే ధైర్యం ఉన్నవాడికి డిఫ్లెక్షన్ ఒక లెక్కా?

ఇక సాక్షులు. కార్బన్ వాళ్లు అమెరికా ఆటగాడు షేన్ వాన్ బోనింగ్‌ను చూపిస్తారు, 2022లో పూల్‌లో ఒక రకమైన నైన్‌బాల్ ప్రపంచ టైటిల్ గెలిచాడని. చెక్క వాళ్లు ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్‌ను చూపిస్తారు, 1999లో అదే గెలిచాడని. వాళ్లిద్దరిలో ఎవరి చేతికి చిత్తూరు చెరకు గడ ఇచ్చినా మా పార్లర్‌లో అందరినీ వరసపెట్టి ఓడించి, గడ నమిలి ఉమ్మేసి పోతారు. ఈ సంగతి రెండు వర్గాలకూ తెలుసు, రెండూ మాట్లాడవు.

పోయిన నెల పార్లర్ ఓనరుకు బుద్ధి పుట్టి, టేబుల్ సరిచేయించడానికి చెన్నై నుంచి మిస్త్రీని పిలిపించాడు. ఆయన సంచిలోంచి స్పిరిట్ లెవెల్ తీసేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. నేను ఒక్కణ్నే కాదు. ఇన్నాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోని చెక్క, కార్బన్ వర్గాలు ఒక్క నిమిషంలో ఏకమయ్యాయి. ఒకడు ఆయన్ను టీకి తీసుకుపోయాడు. ఇంకొకడు, "ఇంత దూరం వచ్చి కొండకు పోకుంటే ఎట్లా సామీ, టేబుల్ యాడికి పోతుంది" అన్నాడు. మూడో వాడు స్పిరిట్ లెవెల్ భద్రంగా క్యాష్ కౌంటర్ వెనక పెట్టాడు. ఆయన దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకుని అట్నుంచటే చెన్నై బస్సెక్కాడు.

మర్నాడు భుజాల దాకా జుట్టున్న మా వాడు మళ్లీ ఎనిమిదో నంబరును తప్పాడు. ఈసారి క్యూ ఎత్తి చూడలేదు. వంగి టేబుల్ వైపు చూసి, "ఎడమకు లాగేసిందబ్బా" అన్నాడు. చెక్క వర్గం పెద్దమనిషి మూల కుర్చీలోంచి లేచొచ్చి, గుడ్డ మీద చెంప ఆనించి, ఒక కన్ను మూసి చాలాసేపు పరిశీలించి, "మూడు మిల్లీమీటర్లకు తగ్గదు మచ్చా" అని ధ్రువీకరించాడు.