అసైన్డ్ కంప్యూటర్

హన్మకొండలో ఒక ఇంటి ముందు గది. సరోజన ఇరవై ఏళ్లకు పైగా అక్కడే కూర్చుని శుభలేఖలు కంపోజ్ చేస్తోంది. భర్త రాజేశం తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాడు. అప్పటి నుంచి ఇంట్లో ఏది కనబడినా బాగుచేయాలనిపిస్తోంది ఆయనకు. కూలర్ అయింది, మిక్సీ అయింది. నిన్న కంప్యూటర్ వంతు.

సరోజన: ఏమండీ, పొద్దున కాజీపేట నుంచి కార్డు చూసుకోవడానికి వచ్చినాయన ఏమడిగాడో తెలుసా?

రాజేశం: రేటు తగ్గించమన్నాడా?

సరోజన: మొన్న చేసిపెట్టిన పీడీఎఫ్ తెరిచి చూపించాను. పైన భద్రకాళి అమ్మవారు, కింద కుడి మూలకు ‘ఆహ్వానించువారు’. అక్కడ తమ్ముళ్ల పేర్లన్నీ చదువుకుని, “వీళ్ల పక్కన ఈ యాక్టివేట్ విండోస్ ఎవరమ్మా, మా వాళ్లలో అలాంటి ఇంటిపేరు లేదే” అన్నాడు.

రాజేశం: విండోస్‌కు లైసెన్సు లేకపోతే మూలకు పడే రాత అది. తెర మీదే ఉంటుంది, ప్రింటులో రాదు కదా!

సరోజన: ఆ మాట నమ్మించడానికి పావుగంట పట్టింది. అయినా అనుమానంగానే పోయాడు.

రాజేశం: మంచికే చేశాను సరోజనా. నీ విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే 2016లో కొన్న మదర్‌బోర్డు మీద ఎక్కదు. టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలట, ప్రాసెసర్ ఇంటెల్‌ది అయితే ఎనిమిదో జనరేషనో ఆ పైనో ఉండాలట. అందుకే బోర్డు మార్పించాను.

సరోజన: బోర్డు ఒక్కటేనా?

రాజేశం: బోర్డు మారితే ప్రాసెసర్ మారదా?

సరోజన: ఆ తర్వాత?

రాజేశం: కొత్తదానికి డీడీఆర్5 ర్యామ్ కావాలి. పాత ర్యామ్ గాడిలో దిగదు.

సరోజన: ఆ తర్వాత?

రాజేశం: (గర్వంగా) క్యాబినెట్ మాత్రం పాతదే.

సరోజన: ఇల్లంతా కూలగొట్టి, గడప ఉంచానన్నట్టు! నన్నొక్క మాట అడిగితే, 2026 అక్టోబర్ 13 దాకా వచ్చే అదనపు అప్‌డేట్లకు పేరు రాయించేదాన్ని కదా.

రాజేశం: సరే, ఆ లొల్లి వదిలెయ్. మన పాత లైసెన్సు కీ కొట్టి యాక్టివేట్ చెయ్యి. డబ్బులు పెట్టి కొన్నదే కదా.

సరోజన: అది ఓఈఎం లైసెన్సు. కంప్యూటర్‌తో పాటు చవగ్గా వచ్చింది, ఆ బోర్డుకే అంటుకుని ఉంటుంది. ర్యామ్ మార్చుకోవచ్చు, డిస్క్ మార్చుకోవచ్చు. బోర్డు మారిస్తే పోయినట్టే.

రాజేశం: ఇదెక్కడి న్యాయం? నా సొమ్ము నేను ఎక్కడైనా పెట్టుకుంటాను!

సరోజన: సర్కారు పేదలకిచ్చే అసైన్డ్ భూమి పట్టా చేతిలో పట్టుకుని మీ ఆఫీసుకు వచ్చినవాళ్లూ ఇదే మాట అనేవాళ్లు కదా. వాళ్లకు మీరేం చెప్పేవారు?

రాజేశం: (అలవాటుగా గొంతు సవరించుకుని) 1977లో వచ్చిన 9వ నంబరు చట్టం. దున్నుకోవచ్చు, పిల్లలకు వారసత్వంగా ఇవ్వొచ్చు. అమ్మడానికి మాత్రం హక్కు లేదు. ఆ మాట ఎన్ని వేల మందికి చెప్పి ఉంటానో... (ఆగిపోయి) ఓహో. మరి పట్టా భూమి లాంటి లైసెన్సు లేదా?

సరోజన: రిటైల్‌ది ఉంది. ఒక కంప్యూటర్‌లో తీసేసి ఇంకోదాంట్లో వేసుకోవచ్చు. ధర ఎక్కువ. ఆ రోజు దుకాణంలో “చవగ్గా వచ్చేదే ఇవ్వు బాబూ” అన్నది ఎవరో గుర్తుందా?

(రాజేశానికి గుర్తుంది. అందుకే మాట మార్చాడు.)

రాజేశం: బోర్డు పాడైతే ఏం చేస్తారు వాళ్లు?

సరోజన: పాడైపోయి మారిస్తే లైసెన్సు నిలుస్తుంది. బాగున్నదాన్ని తీసి ఇంకా మంచిది వేసుకుంటే అది కొత్త కంప్యూటర్ కిందే లెక్క.

రాజేశం: ఇంకేం! పాడైందని రాసిద్దాం. పంచనామా నేను రాస్తాను, పక్కింటాయన సాక్షి సంతకం పెడతాడు.

సరోజన: పాడైంది బోర్డు కాదని పక్కింటాయనకు కూడా తెలుసు.

రాజేశం: సరే, కొత్త లైసెన్సు కొనిస్తాను. ఇకనైనా సంతోషపడు. నాలుగు జీబీ ర్యామ్‌తో ఎడ్లబండిలా ఉండేది, ఇప్పుడు పదహారు.

సరోజన: నాలుగే ఎందుకు పెట్టుకున్నానో ఎప్పుడైనా అడిగారా? నాది 32 బిట్ విండోస్. అది నాలుగు కంటే ఎక్కువ వాడుకోలేదు.

రాజేశం: 64 బిట్ వేసుకుంటే పోయేది కదా?

(సరోజన బీరువా తెరిచి, నల్లపూసల డబ్బా పక్క నుంచి అగ్గిపెట్టెంత వస్తువు తీసింది.)

సరోజన: ఇదీ సంగతి. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ లాక్. ఇది వెనక గుచ్చి ఉంటేనే అక్షరం పడుతుంది. దీని డ్రైవర్ 32 బిట్‌ది, 64 బిట్ విండోస్‌లో ఎక్కదు. విండోస్ 11లో 32 బిట్ రానే రాదు.

రాజేశం: ఆ కంపెనీనే కొత్తది అడుగు.

సరోజన: ఆ ఫోన్ నంబరే లేదిప్పుడు. పాత కార్డులన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. అవి అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్ కావు. వేరే ఫాంట్‌లో తెరిస్తే ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట డాలర్ గుర్తులూ ప్లస్సులూ వస్తాయి.

రాజేశం: కట్నం వివరాలనుకుంటారు.

సరోజన: నవ్వకండి! పైగా దీనికి ఇరవై అయిదు రంధ్రాల ప్రింటర్ పోర్టు కావాలి. మీ కొత్త బోర్డుకు అది ఉందా?

(రాజేశం టేబుల్ కిందకు దూరి, టార్చి వేసి వెతికాడు. చాలాసేపు బయటికి రాలేదు. లేని పోర్టు దొరక్క కాదు, పైకి వచ్చి ఏం చెప్పాలో దొరక్క.)

సరోజన: పాత బోర్డు ఎక్కడుంది?

రాజేశం: (కిందనుంచే) చౌరస్తాలో ఆ దుకాణం పోరనికి ఎక్స్ఛేంజి కింద ఇచ్చేశాను.

సరోజన: అంటే అమ్మేశారు. అసైన్డ్ భూమి అమ్మితే చట్టం ఏం చేస్తుంది?

రాజేశం: తహసీల్దారు స్వాధీనం చేసుకుని, మొదట ఎవరికి ఇచ్చారో వాళ్లకే తిరిగి ఇప్పిస్తాడు.

సరోజన: అయితే లేవండి. దుకాణం ఇంకా మూసి ఉండడు.

రాజేశం: ముందు నోటీసు ఇవ్వాలి కదా?

సరోజన: ఇప్పుడు మీకు ఇచ్చింది అదే. చెప్పులు వేసుకోండి.