మొదటి కౌన్సెలింగ్‌కు ముందు పాటించవలసిన నియమాలు

మానసిక వైద్యుడి దగ్గర మొదటి అపాయింట్‌మెంట్ దొరికిందా? శుభం. ఇక ఇంటిల్లిపాదీ ఒకే అబద్ధం చెప్పేలా రిహార్సల్ మొదలుపెట్టండి. కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్తే, కొత్త కళ్ళద్దాలేవని మర్నాడే అడుగుతారు. పళ్ళ డాక్టరు శ్రేష్ఠం. నోరు తెరిపించి చూసేంత ఓపిక బంధువులకుండదు.

క్లినిక్ ఎంపికలో డాక్టరు చదువు కన్నా దూరం ముఖ్యం. కూకట్‌పల్లి వాళ్ళు దిల్‌సుఖ్‌నగర్‌కి, అక్కడివాళ్ళు ఇటూ రావడం ఉత్తమం. మెట్రోలో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ స్టేషన్ పేరు వినిపించగానే ఫోన్‌లోకి తలదూర్చండి. విశాఖ వాళ్ళకు చినవాల్తేరుతో ఇదే ఇబ్బంది.

మీ వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం డాక్టర్లకు చెప్పింది. వెయిటింగ్ హాల్లో తగిలే మేనత్తకు చెప్పలేదు. ఆవిడ మాత్రం అక్కడికెందుకొచ్చిందన్న ప్రశ్న ఆ కంగారులో మీకు తట్టదు. పళ్ళ డాక్టరు కోసం వచ్చి ఫ్లోర్ పొరబడ్డానంటుంది. మీరూ అంతే అనండి.

తోడుగా అమ్మానాన్నలు ఎలాగూ వస్తారు కాబట్టి మీరు మాట్లాడే పనిలేదు. "ఏం లేదు సార్, రాత్రంతా ఫోన్ చూస్తాడు" అని నాన్న రోగనిర్ధారణ చేసేస్తారు. నిద్ర ఎన్నాళ్ళుగా పట్టడం లేదని మిమ్మల్ని అడిగితే, "వాడికేం సార్, పదింటిదాకా లేవడు" అని అమ్మ జవాబిస్తుంది. కాసేపు బయట కూర్చోండని డాక్టరు అంటే ఇద్దరూ నొచ్చుకుంటారు. ఫీజు కట్టింది వాళ్ళు మరి.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అన్న ప్రశ్న తప్పదు. ఎవరికీ లేదని ఏకగ్రీవంగా చెప్పాలి. తాతయ్యది చాదస్తం. పెద్దమ్మది నెమ్మదితనం, ఏళ్ళ తరబడి గది దాటి రాదంతే. బాబాయిది కోపం. ఇవేవీ లెక్కలోకి రావు. వాడుతున్న మందుల చీటీలు, ఎప్పటినుంచి ఎలా ఉందో రాసుకున్న కాగితం లాంటివి తీసుకెళ్ళమని కొందరు సలహా ఇస్తారు. అవి డాక్టరుకు పనికొస్తాయి గానీ కుటుంబ పరువుకేం పనికొస్తాయి?

అపాయింట్‌మెంటే అక్కర్లేని దారి కూడా ఒకటుంది. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడొచ్చు. చిక్కల్లా డాబా ఎక్కి గుసగుసగా ఫోన్ మాట్లాడితే ప్రేమ వ్యవహారమని ఇంట్లో గొడవవుతుంది. కానివ్వండి. ఆ టెన్షన్ గురించి కూడా ఆ నంబరుకే చెప్పుకోవచ్చు.