ఎత్తు ప్రాంతంలో ఫర్నేస్‌కి గ్యాస్ పెంచాలా? తిరుగుతున్న సందేశానికి జవాబు

డెన్వర్, కొలరాడో స్ప్రింగ్స్, సాల్ట్ లేక్ సిటీ వైపు ఇళ్లు కొనుక్కున్న మనవాళ్ల మధ్య చలికాలం మొదలవగానే ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది: "రెండు స్టేజుల గ్యాస్ ఫర్నేస్ ఫ్యాక్టరీలోనే సెట్ అయి వస్తుంది, బిగించాక ఏమీ ముట్టుకోనక్కర్లేదు. ఎత్తు ప్రాంతమైతే గాలి పలచన కాబట్టి మంట నీరసపడుతుంది, గ్యాస్ ప్రెషర్ కాస్త పెంచితే చాలు. స్మార్ట్ థర్మోస్టాట్ పెడితే ఊరి ఎత్తు అదే తెలుసుకుని సర్దేస్తుంది. పాత థర్మోస్టాటే ఉంటే డబ్ల్యూ1, డబ్ల్యూ2 కలిపేయండి, రెండు స్టేజులూ పనిచేస్తాయి. బిల్లు సగానికి పడిపోతుంది. ఏదేమైనా చలి ఊరు కాబట్టి ఒక సైజు పెద్దదే కొనండి."

ఫర్నేస్ అంటే గ్యాస్ మండించి ఇంటిని వేడిచేసే యంత్రం, మంటకి లో, హై అని రెండు స్థాయులుంటే అది రెండు స్టేజులది. గది వేడిని చూసి దాన్ని నడిపేది థర్మోస్టాట్, ఆ రెండు స్టేజులనూ పిలిచే వైర్లు డబ్ల్యూ1, డబ్ల్యూ2. సందేశంలోని మాటల్లో గ్యాస్ పెంచమన్నది ప్రాణాల మీదికి తెచ్చేది. అందుకే వరస తప్పినా ముందు దాని సంగతి చూద్దాం.

గాలి పలచన అన్నంతవరకు నిజం. సముద్ర మట్టం దగ్గర గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి 14.7 పౌండ్లయితే, 5,280 అడుగుల ఎత్తులో ఉన్న డెన్వర్‌లో అది 12 పౌండ్లకు కొంచెం పైన ఉంటుంది. అంటే ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఒక ఘనపుటడుగు గాలిలో ఉండే ఆక్సిజన్ సుమారు 17 శాతం తగ్గినట్టే. ఒక ఘనపుటడుగు సహజవాయువు పూర్తిగా మండాలంటే దాదాపు 10 ఘనపుటడుగుల గాలి కావాలి. ఫర్నేస్‌లో ఆ గాలిని లాగే ఇండ్యూసర్ ఫ్యాన్ ఎక్కడైనా ఇంచుమించు అదే వేగంతో తిరిగి, అదే ఘనపరిమాణాన్ని లాగుతుంది. ఆ గాలిలో సరుకే తక్కువ. మండించడానికి ఆక్సిజన్ చాలనప్పుడు ఇంకా గ్యాస్ పోస్తే మంట బలపడదు, సగం మండిన గ్యాస్ మిగులుతుంది. అందులోంచే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, మసి కూడా పడుతుంది. నీలంగా నిలబడాల్సిన మంట పసుపు తిరిగి మెత్తగా ఊగుతుంది. మంట వేడిని ఇంటి గాలికి అందించే హీట్ ఎక్స్ఛేంజర్ లోపల పేరుకున్న మసి పొగ దారిని ఇరుకు చేస్తుంది, దాంతో గాలి ఇంకా తగ్గుతుంది.

దీనికి తరచూ వినిపించే ఎదురు ప్రశ్న ఒకటుంది: "పైకి వెళ్తే గ్యాస్ కూడా పలచబడుతుంది కదా, లెక్క దానంతటదే సరిపోదా?" మంచి ప్రశ్నే, కాని సరిపోదు. గ్యాస్‌ని బర్నర్‌లోకి వదిలే ఆరిఫిస్ అనే సన్నని రంధ్రం గుండా వెళ్లే గ్యాస్ బరువు, గ్యాస్ సాంద్రత వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. డెన్వర్ ఎత్తులో గాలి 17 శాతం తగ్గితే, అదే ఆరిఫిస్, అదే మానిఫోల్డ్ ప్రెషర్ (బర్నర్ల ముందు గ్యాస్ ఒత్తిడి) దగ్గర గ్యాస్ ద్వారా వచ్చే వేడి 9 శాతమే తగ్గుతుంది. గాలి తగ్గినంతగా గ్యాస్ తగ్గకపోవడమే అసలు చిక్కు. మనం ఏ స్క్రూ ముట్టుకోకపోయినా మిశ్రమంలో గ్యాస్ పాలు పెరిగిపోయి ఉంటుంది. దాని మీద ప్రెషర్ కూడా పెంచమంటోంది ఈ సందేశం.

అందుకే అమెరికాలో నేషనల్ ఫ్యూయల్ గ్యాస్ కోడ్ సరిగ్గా దీనికి తిరగేసి చెబుతుంది. 2,000 అడుగులు దాటిన చోట, సముద్ర మట్టం నుంచి ప్రతి 1,000 అడుగులకూ 4 శాతం చొప్పున ఇన్‌పుట్ (ఫర్నేస్ మండించే గ్యాస్ వేడి) తగ్గించాలన్నది దాని సాధారణ సూత్రం. తయారీదారు మాన్యువల్ వేరే చెబితే మాన్యువల్ మాటే చెల్లుతుంది. పొగలోని వేడిని కూడా రాబట్టుకునే కొన్ని కండెన్సింగ్ ఫర్నేసుల మాన్యువల్స్ 1,000 అడుగులకు 2 శాతమే అంటాయి. కెనడాలో 2,000 నుంచి 4,500 అడుగుల మధ్య 10 శాతం తగ్గించడం రివాజు, కాల్గరీ ఆ పట్టీలోకే వస్తుంది. వీటిలో ఎక్కడా "పెంచు" అన్న మాట లేదు.

ఇక్కడే ఫ్యాక్టరీ సెట్టింగ్ మాట కూడా తేలిపోతుంది. ఫర్నేస్ పెట్టెలోంచి వచ్చేటప్పటికి సహజవాయువుకీ, 2,000 అడుగుల లోపు ఎత్తుకీ తగ్గట్టు ఉంటుంది. అది డెన్వర్ వెళ్తుందో మయామీ వెళ్తుందో తయారుచేసినవాళ్లకి తెలియదు. అందుకే మాన్యువల్‌లో ఎత్తు ఒక పక్క, గ్యాస్ వేడి విలువ (ఒక ఘనపుటడుగు మండితే వచ్చే వేడి) ఇంకో పక్క పెట్టి, ఏ నంబరు ఆరిఫిస్, ఎంత మానిఫోల్డ్ ప్రెషర్ అన్న పట్టిక ఇస్తారు. ఆ పేజీ తెరవకుండా బిగించిన ఫర్నేస్‌ని పని సగంలో వదిలేసిన ఫర్నేస్‌గానే చూస్తాను.

ప్రెషర్ తగ్గిస్తే చాలదా, ఆరిఫిస్ ఎందుకు మార్చాలి అంటారా? గ్యాస్ ప్రవాహం ప్రెషర్ వర్గమూలంతో నడుస్తుంది. రెండు స్టేజుల వాల్వులో సహజవాయువుకి హై స్టేజ్ మానిఫోల్డ్ ప్రెషర్ సుమారు 3.5 ఇంచుల వాటర్ కాలమ్ (గ్యాస్ ఒత్తిడిని కొలిచే ప్రమాణం), లో స్టేజ్ సుమారు 1.7 ఉంటాయి. ప్రెషర్ సగమైనా మంట సగం కాదు, దాదాపు 70 శాతం దగ్గర ఆగుతుంది. లో స్టేజ్ అంటే 65–70 శాతం అని చెప్పేది ఇందుకే. ఇప్పుడు 4 శాతం సూత్రం ప్రకారం డెన్వర్‌కి కావాల్సిన 21 శాతం తగ్గింపులో, ఎత్తు వల్ల దానంతటదే వచ్చే 9 శాతం పోను మిగతాది ప్రెషర్‌తోనే సాధించాలంటే హై స్టేజ్‌ని 3.5 నుంచి 2.6 దగ్గరికి, లో స్టేజ్‌ని 1.3 దగ్గరికి దించాలి. అంత తక్కువ ప్రెషర్‌లో గ్యాస్ గాలిని సరిగ్గా కలుపుకోదు, ఒక బర్నర్ నుంచి పక్క బర్నర్‌కి మంట సాఫీగా అంటుకోదు. చాలా మాన్యువల్స్ హై స్టేజ్‌ని 3.2 నుంచి 3.8 మధ్యే ఉంచమంటాయి. ఆ హద్దులో కుదరకపోతే చిన్న రంధ్రం ఉన్న ఆరిఫిస్ వేయాల్సిందే. పైగా రెండు స్టేజులకీ విడివిడి స్క్రూలు ఉంటాయి. హై సరిచేసి లో వదిలేస్తే, రోజులో ఎక్కువ సేపు నడిచే స్టేజే తప్పుగా నడుస్తుంది.

సరిపోయిందో లేదో కంటితో మంట చూసి చెప్పలేం, మీటరు చెబుతుంది. ఇంట్లో మిగతా గ్యాస్ పరికరాలన్నీ ఆపి, ఫర్నేస్‌ని హై స్టేజ్‌లో నడిపించి, మీటరు మీద ఒక ఘనపుటడుగు ముల్లు చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. 3,600ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని ఘనపుటడుగులో వస్తుంది. దాన్ని గ్యాస్ వేడి విలువతో గుణిస్తే గంటకు ఎన్ని బీటీయూలో (వేడిని కొలిచే యూనిట్లు) వస్తుంది. ఈ వేడి విలువ దగ్గరే చాలామంది జారుతారు. అందరూ 1,000 అని పెట్టేస్తారు. ఎత్తు ప్రాంతాల్లో మీటరు గుండా వెళ్లే ఘనపుటడుగులో అంత వేడి ఉండదు. కొన్ని చోట్ల గ్యాస్ సంస్థలే వేడి విలువ తగ్గించి సరఫరా చేస్తాయి. డెన్వర్‌లో 80,000 బీటీయూల ఫర్నేస్‌ని 4 శాతం సూత్రంతో 63,000కి దించారనుకుందాం, స్థానిక విలువ 850 అనుకుందాం. ముల్లు చుట్టుకి 49 సెకన్లు పడితే లెక్క 62,000 దాటుతుంది, అంతా సరిగ్గానే ఉంది. అదే మనిషి 1,000తో గుణిస్తే 73,000 పైన కనిపిస్తుంది. "అబ్బో, ఎక్కువ మండుతోంది" అని సరిగ్గా ఉన్నదాన్ని ఇంకా దించేస్తాడు. కాబట్టి ముందు గ్యాస్ సంస్థకి ఫోన్ చేసి మీ ప్రాంతపు వేడి విలువ అడగండి. ఆ ఒక్క అంకె లేకుండా ఆరిఫిస్ పట్టిక చూడటం వృథా.

ఈ వాల్వు పని మాత్రం లైసెన్స్ ఉన్న టెక్నీషియన్‌దే. గ్యాస్ ఒత్తిడిని కొలిచే మానోమీటరు, పొగను పరీక్షించే కంబషన్ ఎనలైజర్ లేకుండా వచ్చినవాళ్ల చేత ఆ స్క్రూలు తిప్పించకండి.

ప్రెషర్ స్విచ్ గురించి సందేశంలో లేదు గానీ, దానికి పుట్టిన పిల్ల సలహా ఒకటి ఉంది: "ఎత్తు వల్ల ఆ స్విచ్ పడట్లేదు, రెండు వైర్లూ కలిపేయ్, నడుస్తుంది." దయచేసి ఆ పని చేయకండి. ఇండ్యూసర్ నిజంగా పొగను బయటికి లాగుతోందా లేదా అన్నది ఫర్నేస్‌ని నడిపే సర్క్యూట్ బోర్డుకి చెప్పేది ఆ స్విచ్చే. పలచని గాలిలో తగినంత లాగుడు రాక, సముద్ర మట్టానికి తయారైన స్విచ్ మూసుకోకపోవడం మామూలే. అందుకే హై ఆల్టిట్యూడ్ కిట్‌లో ఆ ఎత్తుకి తగిన స్విచ్ ఇస్తారు. వైర్లు కలిపితే, రేపు పొగ గొట్టంలో పిట్ట గూడు పెట్టినా ఫర్నేస్ వెలుగుతూనే ఉంటుంది.

థర్మోస్టాట్ విషయానికి వస్తే, అది ఎంత స్మార్ట్ అయినా ఫర్నేస్‌తో మాట్లాడే భాష చాలా చిన్నది. ఆర్ వైరులో ఉన్న 24 వోల్టులను డబ్ల్యూ1 మీదికో, డబ్ల్యూ2 మీదికో పంపుతుంది, లేదా ఆపుతుంది. అంతే. వైఫై ద్వారా మీ పిన్ కోడ్, బయట చలి అన్నీ దానికి తెలియవచ్చు. ఆ తెలివితో ఆరిఫిస్ రంధ్రం చిన్నదవదు, వాల్వు స్క్రూ తిరగదు. ఎత్తు సర్దుబాటు గ్యాస్ వైపు పని, థర్మోస్టాట్ సర్దుబాటు బోర్డు వైపు పని. ఒకటి చేసినంత మాత్రాన రెండోది అయిపోయినట్టు కాదు.

బోర్డు వైపు పనిలోనే సందేశంలో ఉన్న సగం నిజం దొరుకుతుంది. ఒక స్టేజ్ థర్మోస్టాట్ తెచ్చి, బోర్డు మీద చిన్న మీటలా ఉండే డిప్ స్విచ్‌ని "రెండు స్టేజుల థర్మోస్టాట్" దగ్గర వదిలేస్తే, హై స్టేజ్ ఎప్పటికీ రాదు. డబ్ల్యూ2 మీద పిలుపు వస్తుందని బోర్డు ఎదురుచూస్తూనే ఉంటుంది. బాగా చలి పెట్టిన రాత్రి ఫర్నేస్ ఆగకుండా నడిచినా ఇల్లు 64 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరే ఉండిపోతుంది. ఈ బాధ నిజమే. దానికి డబ్ల్యూ1, డబ్ల్యూ2 కలపడం మందు కాదు. కలిపితే ప్రతి పిలుపూ హై పిలుపే అవుతుంది, రెండు స్టేజులకి డబ్బు పెట్టి ఒక స్టేజ్ ఫర్నేస్ వాడుకున్నట్టవుతుంది. చేయాల్సింది డిప్ స్విచ్ మార్చడం. "ఒక స్టేజ్ థర్మోస్టాట్" దగ్గర పెడితే బోర్డే లో స్టేజ్‌తో మొదలుపెట్టి, 5, 10 నిమిషాలో, మోడల్‌ని బట్టి ఇంకొంతో ఆగి, ఇల్లు ఇంకా వేడెక్కకపోతే హైకి వెళ్తుంది. కొన్ని బోర్డులు వెనకటి సైకిళ్లు ఎంతసేపు నడిచాయో చూసి ఆ గడువును తామే నిర్ణయిస్తాయి. అంటే రెండు స్టేజుల థర్మోస్టాట్ లేకపోయినా రెండు స్టేజులూ వాడుకోవచ్చు.

తిరగేసి జరిగే పొరపాటు కూడా ఎక్కువే. ఖరీదైన రెండు స్టేజుల థర్మోస్టాట్ గోడకి పెట్టి, బోర్డుని ఒక స్టేజ్ దగ్గరే ఉంచేస్తారు. చాలా బోర్డులు అప్పుడు డబ్ల్యూ2ని పట్టించుకోవు. థర్మోస్టాట్ తెర మీద "స్టేజ్ 2" అని కనిపిస్తుంటుంది, కింద ఫర్నేస్ తన గడియారం ప్రకారం నడుస్తుంటుంది. డిప్ స్విచ్ మార్చే ముందు ఫర్నేస్ కరెంటు ఆపండి. చాలా బోర్డులు పవర్ వచ్చిన క్షణంలోనే ఆ స్విచ్చులను చదువుతాయి, నడుస్తుండగా మార్చినా గుర్తించవు.

వైర్ల లెక్క కూడా చూసుకోవాలి. పాత ఇళ్ల గోడల్లో తరచూ ఐదు వైర్ల కేబుల్ ఉంటుంది: ఆర్ (కరెంటు), సి (ఆ కరెంటు తిరిగి వెళ్లే దారి), జి (ఫ్యాన్), వై (ఏసీ), డబ్ల్యూ (వేడి). ఏసీ కూడా ఉన్న ఇంట్లో డబ్ల్యూ2కి ఆరో వైరు కావాలి. అది లేదని సి వైరుని పీకి డబ్ల్యూ2కి వాడేవాళ్లున్నారు. అప్పుడు స్మార్ట్ థర్మోస్టాట్‌కి నికరమైన కరెంటు అందక, అది ఇతర వైర్ల నుంచి కొంచెం కొంచెం లాక్కుంటూ నడిరాత్రి ఆగిపోవచ్చు. ఐదు వైర్లే ఉంటే సి వైరు ఉంచుకుని, స్టేజుల పని బోర్డు టైమర్‌కి వదిలేయడమే మంచిది. థర్మోస్టాట్ సెట్టింగుల్లో ఫర్నేస్ రకం అడిగినచోట కూడా నిజం చెప్పాలి. గంటకు ఎన్నిసార్లు వెలగాలన్నది కొన్ని థర్మోస్టాట్లలో దాని మీదే ఆధారపడుతుంది: 90 శాతం పైన సామర్థ్యం ఉన్న కండెన్సింగ్ ఫర్నేస్‌కి 3, అంతకన్నా తక్కువ దానికి 5 మామూలుగా పెడతారు.

బిల్లు సగం కావడం మాత్రం జరగదు. ఇల్లు కోల్పోయే వేడిని గోడలు, కిటికీలు, బయటి చలి నిర్ణయిస్తాయి. ఆ వేడిని లో స్టేజ్‌లో ఎక్కువసేపు ఇచ్చినా, హైలో తక్కువసేపు ఇచ్చినా మొత్తం దాదాపు ఒకటే. రెండు స్టేజుల వల్ల దక్కేది చప్పుడు తగ్గడం, గదుల మధ్య తేడా తగ్గడం, మాటిమాటికీ ఆగి వెలగకపోవడం. వాటి కోసమే కొనుక్కోవచ్చు, అవి చిన్న లాభాలేం కాదు.

"ఒక సైజు పెద్దది కొనండి" అన్నదాంట్లో కారణం తప్పు, లెక్క లేదు. డెన్వర్‌లో 95 శాతం సామర్థ్యమున్న 80,000 బీటీయూల ఫర్నేస్ 4 శాతం సూత్రం ప్రకారం ఇచ్చేది సుమారు 60,000 బీటీయూలు. సముద్ర మట్టంలో ఇచ్చే 76,000 కాదు. కాబట్టి తగ్గింపు తర్వాత మిగిలే వేడిని ఇంటి అవసరంతో పోల్చాలి. ఆ అవసరాన్ని అమెరికాలో ఇళ్లకి వాడే మాన్యువల్ జె అనే లెక్క చెబుతుంది, ఫర్నేస్ ఎంపికకు మాన్యువల్ ఎస్ ఉంది. ఇంటి లోడుకి (ఇంటికి కావాల్సిన వేడికి) మామూలుగా 140 శాతం దాటొద్దని అది హద్దు పెడుతుంది. ఆ లెక్కలో పెద్ద సైజు వస్తే కొనండి. రాకపోతే, "చలి ఊరు" అన్న ఒక్క మాట మీద కొన్న పెద్ద ఫర్నేస్ లో స్టేజ్‌లోనే ఇంటిని గబగబా వేడెక్కించి ఆగిపోతుంది, రెండో స్టేజ్‌తో పనే పడదు.